రబ్బరు కత్తికి పదునెక్కిన కథ

యుద్ధవిద్యల ప్రదర్శన ఏ ఊళ్లో జరిగినా ఒక ఘట్టం మాత్రం తప్పదు. శిష్యుడు రబ్బరు కత్తి పట్టుకుని గురువు మీదికి వస్తాడు. ఒక అడుగు ముందుకేసి ఒక పోటు పొడుస్తాడు. పొడిచి, చాచిన చేతిని వెనక్కి తీసుకోకుండా అలాగే గాల్లో ఉంచేస్తాడు. గురువు తాపీగా ఆ మణికట్టు అందుకుని, మెలితిప్పి, కత్తి లాక్కుని, శిష్యుణ్ణి మట్టి కరిపిస్తాడు. చప్పట్లు మోగుతాయి. శిష్యుడు లేచి దుమ్ము దులుపుకుని దండం పెడతాడు.

ఆ చెయ్యి గాల్లో ఎందుకు ఆగిందని ఎవరూ అడగరు. నిజంగా చంపడానికి వచ్చినవాడు ఒక్క పోటుతో ఊరుకోడు. పొడిచిన చెయ్యి రెప్పపాటులో వెనక్కి పోతుంది, మళ్లీ వస్తుంది, మళ్లీ వస్తుంది. రెండో చెయ్యి అప్పటికే చొక్కా కాలరు పట్టుకుని ఉంటుంది. ఈ సంగతి పోలీసులకు తెలుసు, క్యాజువాలిటీలో కుట్లు వేసే డాక్టర్లకు తెలుసు. సాధన చేసే గదిలోకి దాన్ని తీసుకురావడమే ఎవరికీ చేతకాలేదు. ఉన్నదున్నట్టు తెస్తే మనుషులు చస్తారు, తేకపోతే నేర్చుకున్నది నాటకమవుతుంది. ఈ రెంటికీ మధ్య దారి వెతుక్కోవడానికి కొన్ని తరాలు పట్టింది. ఆ వెతుకులాటలో పెద్దభాగం ఫిలిప్పీన్స్ దీవుల్లో, ఆ దీవుల నుంచి పొట్టచేత పట్టుకుని అమెరికా పోయిన కూలీల మధ్య సాగింది.

ఫిలిప్పీన్స్‌లో కత్తి ముందు పనిముట్టు, ఆ తర్వాతే ఆయుధం. చెరకు నరకాలన్నా, కొబ్బరికాయ కొట్టాలన్నా, పొదలు కొట్టి దారి చేసుకోవాలన్నా నడుముకు వేలాడే ‘బోలో’ అనే మచ్చుకత్తే దిక్కు. బటాంగాస్ ప్రాంతం రెండు పిడుల మధ్య దాగే ‘బాలిసాంగ్’ అనే మడతకత్తికి పేరుపడింది. మనవైపు సంక్రాంతికి కోడికాలికి కత్తి కట్టినట్టే వాళ్లూ కడతారు, బరి చుట్టూ చేరి పందేలూ కాస్తారు. భీమవరం పందెగాణ్ణి తీసుకెళ్లి అక్కడి బరి పక్కన నిలబెడితే భాష ఒక్కటే అడ్డు.

1521 ఏప్రిల్ 27న పోర్చుగీసు నావికుడు మాగెల్లాన్ అక్కడి మాక్తాన్ దీవి ఒడ్డున, లాపులాపు అనే నాయకుడి మనుషుల చేతిలో చనిపోయాడు. ఆయనతో వెళ్లిన పిగఫెత్తా ఆ పోరును కళ్లారా చూసి రాసిపెట్టాడు: వెదురు ఈటెలు, విషం పూసిన బాణం, కాలిమీద పడిన కత్తి దెబ్బ. ఫిలిప్పినో కత్తివిద్య గురించి మాట్లాడేవాళ్లంతా ఇక్కడి నుంచే మొదలుపెడతారు. ఆనాటి యోధులు ఇప్పటి పాఠశాలల్లో నేర్పే విద్యనే వాడారని మాత్రం పిగఫెత్తా ఎక్కడా చెప్పలేదు. ఊరి గొప్ప కోసం కలిపిన మాట అది.

పేర్ల దగ్గరా అలాంటి తిరకాసే ఉంది. సెబూ వైపు దీన్ని ‘ఎస్క్రిమా’ అంటారు. స్పానిష్‌లో కత్తిసాముకున్న పేరు ‘ఎస్గ్రిమా’, దాన్నుంచి వచ్చింది. ఉత్తరాన ‘ఆర్నిస్’ అంటారు, అదీ స్పానిష్ మాటే, కవచం అని అర్థం. మూడో పేరు ‘కాలి’. ఆ పేరు వినగానే మన కాళీమాత గుర్తొస్తుంది గానీ, సంబంధం ఉందనడానికి ఆధారం లేదు. మనదని గట్టిగా చెప్పుకోదగిన మాట ఇంకొకటుంది. అక్కడ నేర్పేవాణ్ణి ‘గురో’ అంటారు. సంస్కృతం నుంచి మలయ్ దీవుల మీదుగా నడిచి వెళ్లిన మన గురువే.

ఈ విద్యకు మిగతావాటి నుంచి ఒక పెద్ద తేడా ఉంది. కరాటేలోనో కుంగ్‌ఫూలోనో ముందు వట్టి చేతులు, ఏళ్ల తర్వాత ఆయుధం. ఎస్క్రిమాలో మొదటిరోజే చేతికి కర్ర ఇస్తారు. ఆ కర్రను కర్రగా చూడొద్దని, దానికో అంచుందనుకుని తిప్పమని చెబుతారు. రెండు కర్రలతో చేసే ‘సినావలి’ అనే అల్లికకు ఆ పేరు ‘సవాలి’ నుంచి వచ్చింది. సవాలి అంటే వెదురుబద్దల తడక. బద్ద కిందికీ మీదికీ దూరినట్టు కర్రలు ఒకదాని సందులోంచి ఒకటి దూరతాయి. మన కర్రసాము చూసినవాళ్లకు ఇది కొత్తగా ఉండదు. స్పెయిన్ కాలపు వాసనతో ‘ఎస్పాడా ఈ దాగా’ అనే పద్ధతి కూడా ఉంది, ఒక చేత పొడవు కత్తి, మరో చేత బాకు.

వీటన్నిటి అడుగునా ఉన్న సూత్రం మాత్రం చాలా మొరటుది. కత్తి నిన్ను తాకేలోపు కత్తి పట్టిన చేతిని కొట్టు. పాము కోరలు పీకడం అంటారు దీన్ని. ఎదుటివాడి తలా గుండే దూరంగా ఉంటాయి, ముందుగా అందుబాటులోకి వచ్చేది వాడి చెయ్యి. వేళ్లు విరిగితే కత్తి దానంతటదే కింద పడుతుంది. తర్కం బాగుంది. సాధన చేసేటప్పుడు విరిగేవి మన పక్కింటి కుర్రాడి వేళ్లు, చిక్కంతా అక్కడే.

ఆ చిక్కుకు తొలి మందు పేము బెత్తం. పాతరోజుల్లో పంతం పట్టి కొట్టుకునేటప్పుడు తాటిజాతి చెట్ల చేవతో చేసిన ‘బాహి’ కర్రలు, నల్లగా ఇనుములా ఉండే ‘కమగోంగ్’ కర్రలు వాడేవారు. వాటితో ఒక్క దెబ్బ సరిగ్గా తగిలితే ఎముక నుగ్గవుతుంది. పేము బెత్తం తేలిక, కాస్త వంగుతుంది. విరిగినా పెచ్చులుగా లేచి కంట్లో గుచ్చుకోదు, నారలు నారలుగా విచ్చుకుంటుంది. దీన్ని ఎవరు మొదలుపెట్టారో చెప్పే పేరేమీ లేదు, ఏ ఊరి పెరట్లోనో ఏ తాతో మొదలుపెట్టి ఉంటాడు. ఈ కథలో తొలి నకిలీ కత్తి అదే. దాంతో రోజూ సాధన సాధ్యమైంది. అయితే కత్తికి కర్ర మారు నిలబడిన క్షణంలోనే ఒక చిన్న అబద్ధం లోపలికి వచ్చింది. కర్రను పట్టుకోవచ్చు, కత్తి అంచును పట్టుకోలేం. కర్ర రాసుకుంటూ పోతే గీతపడదు, కత్తి రాసుకుంటే నరం తెగుతుంది.

1932 జనవరిలో సెబూ నగరంలో సావెద్రా, కన్యేతే కుటుంబాలవాళ్లు కలిసి ‘దోసే పారెస్’ అనే సంఘం పెట్టారు. అంతదాకా తండ్రి కొడుక్కి, మామ అల్లుడికి చాటుగా చెప్పుకున్న విద్యకు ఒక బోర్డు, ఒక గది దొరికాయి. వాళ్లలో అగ్రగణ్యుడనిపించుకున్న తెయోదోరో సావెద్రా రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సైనికుల చేతిలో చనిపోయాడు. యుద్ధం అయ్యాక లోపల పొరపొచ్చాలు వచ్చాయి. వెనాన్సియో బేకన్ అనే గట్టి పిండం, అందరూ ‘ఆన్సియోంగ్’ అని పిలిచేవారు, 1952లో విడిపోయి వేరు కుంపటి పెట్టాడు. బాలింతవాక్ అనే వీధిలో ఒక గడియారాల రిపేరు కొట్టు వెనక పెరట్లో కర్రలు తిప్పేవారు కాబట్టి ఆ పద్ధతికి వీధి పేరే స్థిరపడింది. రెండు వర్గాల మధ్య దశాబ్దాలపాటు సవాళ్లు, దెబ్బలాటలు నడిచాయి.

బేకన్ పెట్టిన కుంపట్లో నాకు విలువైనదిగా కనిపించేది ‘అగాక్’ అనే బోధన తీరు. సెబువానో భాషలో ఆ మాటకు చెయ్యి పట్టి నడిపించడం అని అర్థం. గురువు ఎదురుగా నిలబడి శిష్యుడి మీదికి దెబ్బలు వేస్తాడు, వరసలో కాదు, తన ఇష్టం వచ్చినట్టు. శిష్యుడు కాచుకోగలిగినంత వేగంతో మొదలుపెట్టి, అలవాటు పడ్డాడనిపించగానే ఒక పిసరు పెంచుతాడు. ఎక్కడ సందు దొరికితే అక్కడ తడతాడు. తర్వాతి దెబ్బ ఎక్కడి నుంచి వస్తుందో ముందే తెలిసిన సాధన బట్టీ పట్టిన పద్యం లాంటిది. తెలియకుండా వచ్చేదాన్ని కాచుకోవడం మాట్లాడటం నేర్చుకున్నట్టు. ఇనుప కవచాలు, కరెంటు కత్తులు రాకముందే ఆ పెరట్లో అసలు కీలకం దొరికింది. దాని విలువ మిగతా ప్రపంచానికి తెలియడానికి మరో నలభై ఏళ్లు పట్టింది.

ఈలోపు కథ ఎదురు దిక్కుకు నడిచింది. నెగ్రోస్ దీవిలో పుట్టిన రెమీ ప్రెసాస్‌కు ఒక బెంగ ఉండేది. కుర్రవాళ్లంతా జూడో, కరాటేల వెంట పడుతున్నారు, సొంత విద్య మరుగున పడిపోతోంది. కారణం వెతికితే వాచిపోయిన వేళ్లు కనిపించాయి. పాత గురువుల దగ్గర చేతి మీద కొట్టించుకుంటూ నేర్చుకోవాలి. చదువుకునే పిల్లాడు మర్నాడు పెన్ను పట్టుకోలేని విద్య ఎందుకనుకుంటాడు. ప్రెసాస్ చేతిని వదిలి కర్రను కొట్టమన్నాడు. ‘మోడర్న్ ఆర్నిస్’ అని పేరు పెట్టి బడుల్లోకి తీసుకెళ్లాడు. 1970ల నడుమ దేశం విడిచి, అమెరికా చేరి ఊరూరా తిరిగి నేర్పాడు. విద్య బతికింది. ఆయన చేసిన మేలు చిన్నది కాదు, ఇవాళ ఆర్నిస్ అనే మాట ప్రపంచానికి తెలిసిందంటే అందులో ఆయన చెమట ఉంది. కానీ లెక్కలో ఇంకో వైపు కూడా రాయాలి. కర్రతో కర్రను కొట్టడానికి అలవాటు పడిన మనిషి నిలబడే దూరం మారిపోతుంది. ఎదుటివాడి చెయ్యి అందని చోట నిలబడి చప్పుడు చేయడం మిగులుతుంది. చూడటానికి తాళం వేసినట్టు ముచ్చటగా ఉంటుంది, ఎవరికీ దెబ్బ తగలదు.

తర్వాత కవచం వచ్చింది. 1979 మార్చిలో సెబూలో జాతీయ స్థాయి పోటీ జరిగింది. గురువుల విభాగంలో దోసే పారెస్‌కు చెందిన సిరియాకో కన్యేతే, ముద్దుపేరు ‘కకోయ్’, గెలిచాడు. కవచం తొడుక్కుని పూర్తి బలంతో కొట్టుకునే పోటీలు అక్కడి నుంచి ఊపందుకున్నాయి. 1989లో అదే నగరంలో ప్రపంచ పోటీలు జరిగాయి. తలకు ఇనుప ఊచల టోపీ, ఒంటికి మోకాళ్లదాకా దూది కోటు, చేతులకు దళసరి తొడుగులు. ఇక్కడ ఎవరూ ఊహించని విడ్డూరం జరిగింది. దెబ్బకు నొప్పి పుట్టకపోయేసరికి కాచుకోవడమే మానేశారు! ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఒకరి నెత్తిమీద ఒకరు రోకలితో దంచినట్టు దంచుకోవడం, ఎవరివి ఎక్కువ పడితే వాళ్లు గెలవడం. చేతిలోది కర్ర కాక నిజం కత్తి అయ్యుంటే మొదటి అరనిమిషంలోనే ఇద్దరూ పోయేవారు. పాతకాలపు గురువులు గ్యాలరీలో కూర్చుని తలలు కొట్టుకున్నారంటే ఆశ్చర్యం లేదు.

నొప్పి తీసేస్తే భయం పోతుంది, భయం పోతే ఒడుపు పోతుంది. ఆ నొప్పిని మళ్లీ లోపలికి తేవాలి, అయితే శవాలు లేవకూడదు. ఈ పని ఎక్కువగా అమెరికాలో జరిగింది.

కాలిఫోర్నియాలోని స్టాక్టన్ పట్టణానికి 1920, 30లలో వేలమంది ఫిలిప్పినో కూలీలు వలస వెళ్లారు. ఆస్పరాగస్ తోటల్లో నడుం వంచి కోతలు కోసేవారు. సాయంత్రాలు కొందరు శిబిరాల వెనక కర్రలు తిప్పేవారు. చాలాకాలం బయటివాళ్లకు నేర్పలేదు. 1966లో అదే పట్టణంలో ఏంజెల్ కబాలెస్ అనే తోటకూలీ అందరికీ తలుపు తెరిచి బడి పెట్టాడు. ఆయన పద్ధతిలో ‘లాక్ అండ్ బ్లాక్’ అనే కసరత్తు ఉంది. ఎదుటివాడు ఒక చేత కర్ర, మరో చేత బాకు పట్టుకుని ఏ వరసా లేకుండా దాడి చేస్తూనే ఉంటాడు, నేర్చుకునేవాడు నిలదొక్కుకోవాలి. సెబూ పెరటి ఆలోచనకు ఇది దగ్గరి చుట్టం.

ఆ ఊళ్లోనే పుట్టి పెరిగినవాడు డాన్ ఇనోసాంతో. బ్రూస్ లీ అభిమానులకు కొత్త పేరు కాదు. ‘గేమ్ ఆఫ్ డెత్’లో జంట కర్రలతో బ్రూస్ లీ మీదికి వచ్చేది ఆయనే. సొంత ఊళ్లో తన మనుషుల దగ్గరే ఇంత విద్య ఉందని ఆలస్యంగా తెలుసుకుని, ముసలి కూలీల దగ్గరికి వెళ్లి కూర్చుని ఒక్కొక్కరి దగ్గరా నేర్చుకున్నాడు. ఫిలిప్పినో విద్యకు అమెరికాలో పెద్ద దిక్కయ్యాడు.

అదే సమయంలో పూర్తిగా వేరే చోట ఒక పోలీసు శిక్షకుడికి ఒక ప్రశ్న ఎదురైంది. సాల్ట్ లేక్ సిటీలో తుపాకీ కాల్చడం నేర్పే డెన్నిస్ టుల్లర్‌ను, కత్తి పట్టుకున్నవాడు ఎంత దూరంలో ఉంటే ప్రమాదమని ఎవరో అడిగారు. ఆయన పుస్తకాలు తిరగేయలేదు. స్టాప్‌వాచ్ తీసుకుని మనుషుల్ని పరుగెత్తించాడు. మామూలు మనిషి 21 అడుగుల దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకన్లలో దాటేస్తున్నాడు. నడుముకున్న తుపాకీ తీసి గురిపెట్టి కాల్చడానికి శిక్షణ పొందినవాడికి కూడా దాదాపు అంతే పడుతోంది. 1983లో ఒక పత్రికలో ఈ సంగతి రాశాడు. జనం దాన్ని ‘21 అడుగుల రూలు’గా మార్చేశారు. ఆయన చెప్పింది రూలు కాదు, ఒక కొలత. ఆ కొలతతో పోలీసులు మొదటిసారి కత్తికి భయపడటం నేర్చుకున్నారు. అంతకుముందు ‘చేతిలో తుపాకీ ఉండగా కత్తిగాడికి బెదరడమా’ అనే ధీమా ఉండేది.

భయం పట్టుకోగానే కత్తి గురించి తెలిసినవాళ్ల కోసం వెతికారు. 1988లో కాలిబర్ ప్రెస్ అనే సంస్థ పోలీసుల కోసం ‘సర్వైవింగ్ ఎడ్జ్‌డ్ వెపన్స్’ అనే శిక్షణ చిత్రం తీసింది. అందులో ఇనోసాంతో ఉన్నాడు, నెగ్రోస్ దీవికి చెందిన పెకితి-తిర్సియా పద్ధతి వారసుడు లియో గాహే ఉన్నాడు. ఇప్పుడు చూస్తే కొన్ని సన్నివేశాలు నాటకాల సమాజంవాళ్లు తీసినట్టు నవ్వొస్తాయి. కానీ తోటకూలీల శిబిరాల వెనక తిరిగిన విద్య పోలీసు అకాడమీలోకి అడుగుపెట్టింది ఇలాంటి చిత్రాలతోనే.

అదే 1988లో కాలిఫోర్నియాలో మరో గుంపు తయారైంది. ఎరిక్ నౌస్, మార్క్ డెన్నీ, ఆర్లాన్ శాన్‌ఫర్డ్, ఇంకొందరు. తమకు తాము ‘డాగ్ బ్రదర్స్’ అని పేరు పెట్టుకుని, ఒక్కొక్కరికి ఒక్కో కుక్క పేరు తగిలించుకున్నారు. వినడానికి పోకిరీ మేళంలా ఉంటుంది గానీ చేసిన పని ప్రయోగశాలలో చేయాల్సింది. దూది కోట్లు తీసి పారేశారు. మొహానికి ఫెన్సింగ్ ముసుగు, చేతికి పల్చటి తొడుగు, అంతే. పేము కర్రతో నిజంగా కొట్టుకున్నారు. రెఫరీ లేడు, కప్పు లేదు, గెలిచినవాడి పేరు ప్రకటించరు. సాయంత్రానికి అందరూ స్నేహితులుగా ఇంటికి పోవాలన్నది ఒక్కటే కట్టు. నొప్పి తిరిగి వచ్చింది, దాంతోపాటు ఒడుపూ వచ్చింది. ఎవడూ ఊరికే నిలబడి దెబ్బలు తినలేదు.

వాళ్లకు తేలిన విషయాలు గురువులకు మింగుడుపడలేదు. తడకల్లా అల్లుకునే అందమైన కసరత్తుల్లో చాలావాటికి అసలు పోరులో చోటే దొరకలేదు. దూరం నుంచి మొదలైన పోరు కొన్ని సెకన్లలోనే కలియబడటంగా మారి, నేలమీద దొర్లడంతో ముగిసేది. దాంతో వాళ్లు బ్రెజిలియన్ జుజుత్సు నేర్చుకుని కర్రపోరులో కలిపారు. ఆ గుంపులోనే ‘లక్కీ డాగ్’ అనిపించుకున్న బర్టన్ రిచర్డ్‌సన్ ఇనోసాంతో శిష్యుడు. ఎన్నో ఏళ్లు నేర్చిన కసరత్తులను ఒక్కొక్కటిగా పక్కన పెట్టి, ఎదురు తిరిగేవాడి మీద పనిచేసేవాటినే మిగుల్చుకున్నాడు. ‘హుబుద్-లుబుద్’ అనే కసరత్తు ఉంది, కట్టడం-విప్పడం అని అర్థం. ఇద్దరి చేతులూ గిరగిరా తిరుగుతూ ఒకరి దెబ్బను ఒకరు మళ్లిస్తూ పోతారు. చేతికి స్పర్శ నేర్పడానికి పుట్టిన ఆ ఆట, అదే పోరాటమనుకునేదాకా పోయింది. చక్కగా హార్మోనియం మెట్లు సాధన చేసినవాడు కచేరీ చేశాననుకున్నట్టు.

కర్ర సంగతి ఇలా తేలింది. మరి కత్తి? డాగ్ బ్రదర్స్ ఎంత మొండివాళ్లయినా నిజం కత్తులతో కొట్టుకోలేరు గదా. రబ్బరు కత్తి గుచ్చుకుంటే నవ్వొస్తుంది, అల్యూమినియం కత్తి కాస్త నయం, తగిలితే చురుక్కుమంటుంది. రెండింటికీ ఒకే లోపం, సాక్ష్యం మిగలదు. ‘నేను తప్పుకున్నాను’ అంటాడు ఒకడు, ‘తగిలింది’ అంటాడు ఇంకొకడు. చిన్నప్పుడు దొంగ-పోలీసు ఆటలో ‘డిష్యుం’ అన్నాక వచ్చే తగాదా ఇదే.

ఆ తగాదాను తీర్చింది స్కెచ్‌పెన్ను. తెల్ల బనియన్ తొడుక్కోవడం, ఎదుటివాడికి ఎర్ర మార్కరు ఇచ్చి ఆగకుండా పొడవమనడం. కొందరు సుద్దముక్క వాడారు, కొందరు రబ్బరు కత్తి అంచుకు లిప్‌స్టిక్ పూశారు. దీనికి పేటెంటు లేదు, కనిపెట్టినవాడి పేరూ లేదు. నా లెక్కలో ఈ కథ మొత్తంలో ఇంతకు మించిన ఆవిష్కరణ లేదు. ఇరవై రూపాయల సరుకు ఇరవై ఏళ్ల గర్వాన్ని అరనిమిషంలో దించేస్తుంది. కత్తి లాక్కోవడంలో దిట్ట అనుకున్నవాడి మెడమీద రెండు గీతలు, ముంజేతుల మీద ఇరవై, పొట్టమీద ఎన్నో లెక్కలేదు. పోనీ చివరికి మార్కరు లాక్కున్నాడే అనుకుందాం, అప్పటికే బనియన్ హోలీ ఆడినట్టుంటుంది.

మార్కరు సాక్ష్యం చెబుతుంది గానీ భయపెట్టదు. ఆ ఒక్క లోటు తీర్చడానికి కెనడాలో, విన్నిపెగ్ పోలీసు శిక్షకుడు జెఫ్ క్వెయిల్ 2000ల మొదట్లో ‘షాక్‌నైఫ్’ను తెచ్చాడు. ప్లాస్టిక్ కత్తి, దాని అంచు వెంట కరెంటు. వోల్టేజీ వేలల్లో ఉన్నా కరెంటు చాలా తక్కువ కాబట్టి ప్రాణాపాయం ఉండదు, కోసినట్టు చుర్రుమంటుంది. మీట నొక్కగానే చిటపటమంటూ నీలి మెరుపు కనిపిస్తుంది. ఆ చప్పుడు వింటే చాలు, గుండె దడదడలాడి, చేతులు వణికి, చూపు సన్నటి గొట్టంలోంచి చూసినట్టయిపోతుంది. వేళ్లతో సున్నితంగా చేయాల్సిన మెలికలన్నీ ఆ వణుకులో ఎగిరిపోతాయి. పెద్ద పెద్ద కదలికలే మిగులుతాయి: తోసెయ్యడం, రెండు చేతులతో బిగించి పట్టుకోవడం, పరుగెత్తడం.

ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో కార్ల్ టాన్స్‌వెల్ అనే శిక్షకుడు ఆ మిగిలినవాటినే పట్టుకుని ‘స్టాబ్’ అనే పద్ధతి అల్లాడు. కత్తి ఉన్న ఒక్క చేతిని నీ రెండు చేతులతో పట్టి ఒంటికి అదుముకో, వదలకు. చూడటానికి అందంగా ఉండదు, సినిమాలో పెడితే జనం లేచిపోతారు. ఎదుటివాడు పూర్తి బలంతో గింజుకుంటున్నప్పుడు కూడా అంతో ఇంతో పనిచేస్తుందన్నదే దాని అర్హత.

దాడికి గురై బతికినవాళ్లు చెప్పిన మాటలు, సీసీ కెమెరాల్లో చిక్కిన దాడులు ఈ శిక్షకులకు రెండో పాఠశాల. పొడిపించుకున్నవాళ్లలో చాలామందికి కత్తి కనిపించనే లేదు. గుద్దాడనుకున్నారు, తడి తగిలాక చూసుకున్నారు. దాడి ముఖాముఖి సవాలుతో మొదలుకాదు. మాటల్లో పెట్టి, దగ్గరికి వచ్చి, ఒక చేత్తో పట్టుకుని మొదలవుతుంది. అందుకని సాధన కూడా మారింది. ఇప్పుడు మంచి బడుల్లో కత్తి పాఠం కత్తితో మొదలుకాదు. ఒకడు వచ్చి టైమెంతైంది అని అడుగుతాడు, అగ్గిపెట్టె అడుగుతాడు, భుజం తగిలించి తిడతాడు. వాడి కుడిచెయ్యి ఎక్కడుంది, నీకూ తలుపుకూ మధ్య ఎవరున్నారు, నడుమ బల్లో కుర్చీయో పెట్టగలవా అన్నవి ముందు నేర్పుతారు. పారిపోయిన శిష్యుడికి ఎక్కువ మార్కులు. గాయపడ్డా ఆగిపోకుండా కదలడం ఆ తర్వాత. కత్తి లాక్కోవడం అన్నిటికన్నా ఆఖరున, అదీ చేతికి దానంతటది దొరికితేనే.

ఇక్కడ మళ్లీ బేకన్ గడియారాల కొట్టు పెరడు గుర్తుకొస్తుంది. మొద్దు కర్ర, రబ్బరు ముక్క, మార్కరు, కరెంటు అంచు, చేతిలో ఏదున్నా దాన్ని పట్టుకున్న మనిషి సహకరించడం మానేసినప్పుడే దానికి పదునొచ్చింది. గురువుకు దెబ్బ తగలకూడదన్న మొహమాటం శిష్యుడిలో ఉన్నంతకాలం వెయ్యి వోల్టులు పెట్టినా అది రబ్బరు కత్తే. మన గరిడీల్లో కూడా ఉస్తాదును కొట్టడానికి చెయ్యి రాదు. ఆ గౌరవం మంచిదే, ఈ ఒక్క పాఠానికి మాత్రం అది అడ్డం.

ఫిలిప్పీన్స్ ప్రభుత్వం 2009 డిసెంబరులో చట్టం చేసి ఆర్నిస్‌ను జాతీయ యుద్ధవిద్యగా, జాతీయ క్రీడగా ప్రకటించింది. 2019లో ఫిలిప్పీన్స్ వేదికగా జరిగిన ఆగ్నేయాసియా క్రీడల్లో ఆర్నిస్‌కు ఉన్న 20 స్వర్ణాల్లో 14 ఆతిథ్య దేశమే గెలుచుకుంది. అందులో మెత్తలు చుట్టిన కర్రలతో ఆడే పోటీలు కూడా ఉన్నాయి. క్రీడ తన దారిన పోతోంది, పోనివ్వండి. అదొక ఆనందం, ఒంటికి మంచిది. కత్తి పాఠాన్ని దాంతో కలపకపోతే చాలు.

మన రెండు రాష్ట్రాల్లోనూ బడుల్లో, కాలేజీల్లో ఆడపిల్లలకు ఆత్మరక్షణ శిబిరాలు పెడుతున్నారు. పిల్లల్లో ధైర్యం పెంచే పని కాబట్టి మెచ్చుకోవాల్సిందే. వాటిలో కత్తి లాక్కునే పాఠం నేర్పితే మాత్రం, తల్లిదండ్రులుగా మీరు ఒక పాత తెల్ల చొక్కా, ఒక ఎర్ర మార్కరు వెంట తీసుకెళ్లండి. నేర్పే మాస్టారిని మర్యాదగా ఆ చొక్కా తొడుక్కోమనండి. మార్కరు పట్టుకున్న పిల్లతో ‘చెయ్యి ఆపకమ్మా’ అని ఒక్క మాట చెప్పండి. పది సెకన్లయ్యాక చొక్కా చూసుకుని, ఆ పాఠం అలాగే ఉంచాలో, తీసేసి పరుగు నేర్పాలో మాస్టారే చెబుతారు.